నా డబ్బు, నా గుర్రం, మధ్యలో మీకేంటి? – లాత్వియా తాగుడు పాటలు, తెల్లారాక తలనొప్పి

(ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారా? ఈ రోజు పాటల గురించి మాట్లాడుకుందాం. అయితే పాటలు మాత్రం వినిపించను, ఆ కాపీరైట్ గోల మనకొద్దు. నేను కథ చెప్తాను, పాటలు మీరే వెతుక్కుని వినండి.

ముందు ఒక ప్రశ్న. ఒక దేశం ఉంది. ఆ దేశం వాళ్ళకి తమ జాతీయగీతం పాడుకునే వీల్లేని రోజులొచ్చాయి. అప్పుడు దాని బదులు వేలమంది నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ వేరే పాట ఒకటి పాడుకున్నారు. ఆ పాటలో హీరో ఎవరనుకుంటున్నారు? యుద్ధంలో గెలిచిన వీరుడా? రాజా? అబ్బే. పిల్లనడగడానికి వెళ్తే "వీడు పెద్ద తాగుబోతు, వీడికి పిల్లనివ్వం" అనిపించుకున్న కుర్రాడు!

నవ్వొస్తోంది కదా. నాకూ వచ్చింది. కానీ ఆ పాట గురించి చదివేకొద్దీ నవ్వు పక్కనే ఇంకో సంగతి కనపడింది. తాగుడు మీద జోకు వేసినప్పుడు మనం దేన్ని చూసి నవ్వుతున్నాం, ఏది చూడకుండా తప్పించుకుంటున్నాం? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

అసలు ఈ దేశం ఎక్కడుంది?

దేశం పేరు లాత్వియా. యూరప్‌లో బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. పైన ఎస్తోనియా, కింద లిథువేనియా, మధ్యలో ఇది. రాజధాని రీగా. జనాభా 19 లక్షల లోపు. విస్తీర్ణం చూస్తే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. 1918లో స్వతంత్ర దేశమైంది, 1940లో సోవియట్ యూనియన్ ఆక్రమించుకుంది, 1991లో మళ్ళీ స్వతంత్రం దక్కించుకుంది. రీగాలో చదువుకుంటున్న మన దేశం స్టూడెంట్స్ కూడా బాగానే ఉన్నారు. వాళ్ళలో మనవాళ్ళెవరైనా ఈ వీడియో చూస్తుంటే కామెంట్‌లో ఒక హాయ్ పెట్టండి.

ఇంకో సరదా విషయం. లాత్వియన్ భాష సంస్కృతానికి దూరపు చుట్టం. దేవుణ్ణి వాళ్ళు "దియెవ్స్" అంటారు. గాలిని "వేయ్ష్" అంటారు, అంటే మన వాయువుకి చుట్టమే. తేనెని "మెదుస్" అంటారు. మన మధువు! తెలుగులో మధువు అంటే తేనె అనీ అర్థముంది, మందు అనీ అర్థముంది కదా. వాళ్ళకీ తేనె వేసి చేసే బీరు ఒకటుంది, దాని పేరు "మెదాలుస్". మెదుస్ అంటే తేనె, ఆలుస్ అంటే బీరు. రెండూ కలిపేశారన్నమాట.

స్టేటస్ అంత పాట

లాత్వియా వాళ్ళ పాత జానపద పాటల్ని "దైనా"లు అంటారు. ఒక్కో దైనా మామూలుగా నాలుగు లైన్లే. మీ వాట్సాప్ స్టేటస్‌లో హాయిగా పట్టేస్తుంది. పుట్టుక, పెళ్ళి, పొలం, చావు, అత్తగారు, గుర్రం, బీరు... దేని మీదైనా ఒక దైనా ఉంటుంది.

క్రిష్యానిస్ బారోన్స్ అని ఒక పెద్దాయన వీటిని పోగేసే పని మీద కూర్చున్నారు. ఊళ్ళ నుంచి జనం రాసి పంపిన పాటల్ని చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసి, విషయం ప్రకారం సర్దుకోవడానికి 1880లో సొరుగులున్న ఒక బీరువా చేయించుకున్నారు. సెర్చ్ బాక్సు లేని కాలంలో ఆయన డేటాబేస్ అదే. ఆ బీరువా ఆధారంగా 1894 నుంచి 1915 వరకు ఆరు సంపుటాలు వచ్చాయి. మొత్తం 2,17,996 పాటలు! ఆ బీరువాని 2001లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. ఇప్పుడది రీగాలో నేషనల్ లైబ్రరీలో ఉంది.

ఈ దైనాల్లో బీరు పాటలు చూస్తే మొదట కనిపించేది ముద్దు. నిజంగా ముద్దే. లాత్వియన్‌లో ప్రతి మాటకీ ఒక బుజ్జి రూపం ఉంటుంది. ఆలుస్ అంటే బీరు, "ఆలుతిన్ష్" అంటే బుజ్జి బీరు. క్రోగ్స్ అంటే సారాయి కొట్టు లాంటి సత్రం, "క్రొద్జిన్ష్" అంటే బుజ్జి సత్రం. చివరికి తాగుబోతుకి కూడా బుజ్జి రూపం ఉంది, "డ్జేరాయిన్ష్". అంటే బుజ్జి తాగుబోతు! ఇప్పుడు "వాడు పెద్ద బుజ్జి తాగుబోతు" అని తిట్టారనుకోండి, అది తిట్టో ముద్దో తేల్చుకోలేం. ఈ పాటల్లో హాస్యం సగం అక్కడే పుడుతుంది.

రెండోది, తప్పు ఎప్పుడూ తాగినవాడిది కాదు. బీరుని ఒక పహిల్వాన్‌గా చూసి, రా కుస్తీ పడదాం అని సవాలు చేసే పాటలున్నాయి. ముందు మనిషి బీరుని గొంతులో పడేస్తాడు, తర్వాత బీరు మనిషిని నేల మీద పడేస్తుంది. స్కోరు సమానం! బీరుకి చేదు రుచినిచ్చే హాప్స్ తీగని కూడా మనిషిలా చేసి, అల్లరంతా దాని మీదకి నెట్టేస్తారు. కాళ్ళు తడబడింది నావల్ల కాదు, ఆ తీగ వల్ల అన్నట్టు.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. ముద్దుపేరు పెట్టడం, తప్పు వేరేవాళ్ళ మీదకి తొయ్యడం. ఎపిసోడ్ చివర్లో మళ్ళీ పనికొస్తాయి.

బీరు పోయకపోతే పరువు పోతుంది

జూన్ 23, 24 తేదీల్లో లాత్వియాలో ఏ ఊరికెళ్ళినా మంటలే. భయపడకండి, పండగ మంటలు. 23ని లీగో రోజు అంటారు, 24ని యాని. ఏడాదిలో రాత్రులు అతి చిన్నగా ఉండే రోజులవి. ఆడవాళ్ళు పూలదండలు, మగవాళ్ళు ఓక్ ఆకుల దండలు తలమీద పెట్టుకుంటారు. ఆ రాత్రి నిద్రపోతే ఏడాదంతా నిద్రమొహంతోనే ఉంటారని నమ్మకం. అందుకని తెల్లారేవరకు పాటలే పాటలు, ప్రతి పాటలో "లీగో, లీగో" అనే పల్లవి.

పండగ జరిగే ఇంటాయన్ని యానిస్ తండ్రి అంటారు, ఇంటావిడ యానిస్ తల్లి. వచ్చిన అతిథులందరూ యానిస్ పిల్లలు. ఆయన బీరు కాచి ఉంచాలి, ఆవిడ వాము లాంటి గింజలు వేసిన జున్నుగడ్డ చేసి ఉంచాలి. ఇస్తే పాటలో పొగడ్తలు. ఇవ్వకపోతే? అక్కడికక్కడే పాట కట్టి పరువు తీసేస్తారు. బీరు పల్చగా ఉన్నా, తక్కువైనా, దాచిపెట్టినా, దేనికైనా పాట పడిపోతుంది.

ఇలా పాటతో ఆటపట్టించుకోవడానికి వాళ్ళ భాషలో ఒక పేరే ఉంది, "అప్‌ద్జియెదాషనాస్". పెళ్ళిళ్ళలో కూడా ఇదే. అమ్మాయి వైపు వాళ్ళు అబ్బాయి వైపు వాళ్ళని, వాళ్ళు వీళ్ళని. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఏడిపించే పాటలు మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, ఎంత దగ్గరగా ఉంటుందో తెలుస్తుంది. లాత్వియా పడమటి వైపు ఆల్సుంగా దగ్గర సుయితి అనే చిన్న సమాజం ఉంది. అక్కడి పెద్దవయసు ఆడవాళ్ళు ఇందులో ఆరితేరినవాళ్ళు. ఎదురుగా ఎంత పెద్ద మనిషి నిలబడ్డా వదలరు. వాళ్ళ సంస్కృతిని 2009లో యునెస్కో అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో పెట్టింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సోవియట్ కాలంలో, 1960ల మొదట్లో, ఈ పండగని అధికారులు క్యాలెండర్ నుంచి తీసేశారు. జాతి భావాలు పెరుగుతాయని వాళ్ళ భయం. దాంతో ఏమైంది? ఇంటి పెరట్లో కూర్చుని బుజ్జి బీరు మీద పాడుకునే పాట కూడా ఒక చిన్న ధిక్కారం అయిపోయింది. పాటలో రాజకీయం ఒక్క ముక్క లేదు, బీరూ జున్నూ మాత్రమే. కానీ అది పాడటమే రాజకీయం అయింది. అందుకే వాళ్ళ తాగుడు పాటల్ని "తాగుబోతుల గోల" అని కొట్టిపారేస్తే సగం కథ మిస్సవుతాం.

సత్రం ఎవరిది? లాభం ఎవరికి?

ఇప్పుడు పండగ నుంచి సత్రానికి వద్దాం. ఈ రెండూ ఒకటి కాదు. పండగ బీరు ఇంట్లో కాచింది, ఏడాదికి కొన్నిసార్లే. సత్రంలో మందు రోజూ దొరుకుతుంది, డబ్బులకి.

ఆ సత్రాలు ఎవరివి? ఎక్కువగా జమీందార్లవి. అప్పట్లో అక్కడి భూములు బాల్టిక్ జర్మన్ దొరల చేతిలో ఉండేవి. లాత్వియన్ రైతులు వాళ్ళకింద వెట్టి. కుర్జెమెలో 1817లో, విద్జెమెలో 1819లో, లాత్‌గలెలో అయితే 1861లో గానీ వెట్టి పోలేదు. ధాన్యం దొరదే, దాన్ని సారాగా మార్చే బట్టీ దొరదే, అమ్మే సత్రమూ దొరదే. రైతు చేతిలో నాలుగు డబ్బులు పడితే అవి తిరిగి దొర జేబులోకే వెళ్ళే దారి అది. కాబట్టి సత్రం మీద జోకు వేసే రైతు నవ్వుతున్నాడు నిజమే, కానీ ఆ నవ్వు ఖరీదు కూడా వాడే కట్టాడు.

ఈ కథలో ఒక పాదిరీ గారు కూడా ఉన్నారు. గోతార్డ్ ఫ్రీడ్రిష్ స్టెండర్, 18వ శతాబ్దం మనిషి, జర్మన్ మూలాలు. లాత్వియన్ పిల్లలకి మొదటి బొమ్మల అక్షరమాల పుస్తకం ఇచ్చింది ఆయనే. ఈయనకి రైతుల జానపద పాటలు మొరటుగా అనిపించాయి. మంచి పాటలు నేర్పిద్దామని జర్మన్ బాణీల్లో లాత్వియన్ పాటలు రాశారు. వాటిని "జింగె" అన్నారు, జర్మన్‌లో పాడటం అనే మాట నుంచి వచ్చిన పేరు. తర్వాత ఆ జింగెలకి ఏమైందో తెలుసా? జనం వాటిని పట్టుకెళ్ళి పెళ్ళి విందుల్లో, మందు బల్లల దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పుడు జింగె అంటే భుజాలు కలిపి ఊగుతూ, కాస్త ఏడుస్తూ కాస్త నవ్వుతూ పాడుకునే పాట. పాదిరీ గారు జనాన్ని మార్చాలనుకుంటే జనం పాదిరీ గారి పాటని మార్చేశారు!

ఇప్పుడు ఆ కుర్రాడి దగ్గరికి

మొదట్లో చెప్పిన పాట పేరు "పూత్, వేయిని". అంటే గాలులారా, వీచండి అని. సముద్రతీరంలో ఉండే లీవ్ అనే చిన్న తెగ వాళ్ళ పెళ్ళిపాట ఇది అంటారు. ఆంద్రేయ్స్ యుర్యాన్స్ దాన్ని బృందగానంగా మలిచాక దేశమంతా పాకింది.

కథ సింపుల్. ఒక అబ్బాయి పడవలో కుర్జెమెకి వెళ్తున్నాడు. అక్కడొక ఆవిడ తన కూతుర్ని ఇస్తానని మాట ఇచ్చింది. తర్వాత మాట తప్పింది. కారణం? వీడు తాగుతాడు, గుర్రాన్ని ఇష్టమొచ్చినట్టు పరిగెత్తిస్తాడు. అంటే ఇప్పటి భాషలో తాగుడు ప్లస్ ఓవర్ స్పీడింగ్! దానికి కుర్రాడి సమాధానం ఏంటంటే, తాగింది తన సొంత డబ్బు, ఉరికించింది తన సొంత గుర్రం, ఇందులో ఎవరి సొమ్ము పోయింది అని. పైగా పెళ్ళి కూడా పెద్దవాళ్ళకి చెప్పకుండా తనంతట తనే చేసుకుంటాడు.

ఎంత తెలిసిన మాటలో చూడండి. నా డబ్బు, నా బండి, నా ఇష్టం. ఈ డైలాగ్ మీ క్లాసులో ఎన్నిసార్లు విన్నారు? నూట యాభై ఏళ్ళ కిందటి లాత్వియా కుర్రాడూ అదే అన్నాడు.

సోవియట్ రోజుల్లో జాతీయగీతం నిషేధం. లాత్వియాలో 1873 నుంచి పాటల పండగ జరుగుతోంది, వేలమంది ఒకే వేదిక మీద నిలబడి పాడతారు. ఆ వేదిక మీద అధికారులు అభ్యంతరం చెప్పలేని పాత పెళ్ళిపాటగా ఇది బతికింది. జనానికి మాత్రం లోపల ఇంకో అర్థం వినపడింది. సొంత డబ్బు, సొంత గుర్రం, సొంత నిర్ణయం. స్వతంత్రం లేని జాతికి ఆ "సొంత" అనే మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. తాగుబోతు కుర్రాడి పొగరు ఒక దేశం ఆత్మగౌరవం అయిపోయింది. నాకు ఈ మలుపు చాలా ఇష్టం.

అయితే ఈ పాటకి ఒక సమాధానం కూడా ఉంది. అది ఇచ్చింది లాత్వియా మహాకవి రైనిస్. ఆయన స్విట్జర్లాండ్‌లో ప్రవాసంలో ఉండగా, ఇదే పేరుతో ఒక నాటకం రాశారు, 1913లో వచ్చింది. అందులో ఉల్దిస్ అనే పడవ నడిపే కుర్రాడు, అదే తాగుడు, అదే దూకుడు, పిల్లని వెతుక్కుంటూ వస్తాడు. ఆ ఇంట్లో తిరగలి విసిరే అనాథ పిల్ల బైబా మీద మనసు పడుతుంది. వాడి దూకుడికీ, ఇంట్లోవాళ్ళ మాటలకీ మధ్య నలిగిపోయిన బైబా చివరికి దౌగవ నదిలో పడి చనిపోతుంది. చూశారా? పాటలో కుర్రాడు "ఎవరికి నష్టం" అని అడిగాడు. రైనిస్ ఆ ప్రశ్నకి ఒక అమ్మాయిని చూపించారు.

నిజానికి దైనాల్లోనే ఆ సమాధానం ఉంది. అవి ఎక్కువగా ఆడవాళ్ళు పాడిన పాటలు. తాగుబోతుకి నన్నివ్వద్దని అమ్మని బతిమాలే అమ్మాయిలు అందులో ఉన్నారు. అదే బీరు, అదే సత్రం, కానీ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే పాట వేరు. మగవాడి పాట సత్రంలో మొదలై తలుపు దగ్గర ఆగిపోతుంది. ఆడవాళ్ళ పాట సరిగ్గా ఆ తలుపు తెరుచుకున్నప్పుడు మొదలవుతుంది.

తాగకుండా కూడా పాడారు

పాట ఉంటే మందు ఉండాలి అనుకునేవాళ్ళకి ఒక చిన్న సమాచారం. 18వ శతాబ్దంలో విద్జెమెలో హెర్న్‌హుట్ సోదరులనే క్రైస్తవ ఉద్యమం సత్రాలకి పోవద్దని ప్రచారం చేసింది. తాగుడుతో పాటు పాత పాటలూ డ్యాన్సులూ కూడా వద్దన్నారు, అది వేరే గొడవ. కానీ 20వ శతాబ్దం మొదట్లో రీగాలో ఆగుస్త్స్ దొంబ్రోవ్‌స్కిస్ అనే కలప వ్యాపారి వేరే దారి పట్టారు. 1904లో "జియెమెల్‌బ్లాజ్మ" అనే మద్యనిషేధ సంఘానికి ఒక భవనం కట్టించారు. పేరుకి అర్థం ఉత్తరధ్రువ కాంతి. అది కాలిపోతే 1913లో మళ్ళీ కట్టించారు. అక్కడ బృందగానం, నాటకం, వాద్యగోష్ఠి అన్నీ ఉండేవి. తాగొద్దు అని చెప్పి ఊరుకోలేదు, సాయంత్రం పూట సత్రానికి బదులు ఎక్కడికి పోవాలో చూపించారు. ఆ భవనం ఇప్పటికీ సాంస్కృతిక కేంద్రంగా నడుస్తోంది.

రేడియో నుంచి ప్లేలిస్ట్ దాకా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలామంది లాత్వియన్లు దేశం వదిలి వెళ్ళిపోయారు. అమెరికాలో, షికాగోలో 1961లో ఆల్బెర్త్స్ లెగ్జ్‌దిన్ష్ "చికాగాస్ పియెత్సీషి" అనే హాస్య బృందం పెట్టారు. షికాగో ఐదుగురు అని అర్థం. ప్రవాస జీవితం మీద, తమ మీద తామే జోకులేసుకుంటూ పాడేవాళ్ళు. వాళ్ళు 1989లో లాత్వియాకి వెళ్ళి పాడితే జనం విరగబడ్డారు. దేశం పోగొట్టుకున్న బాధని నవ్వుగా మార్చడం వాళ్ళకి తెలుసు. లాత్వియాలో అందరికీ తెలిసిన ఒక జానపద పాట ఉంది, అందులో మనిషి తన బాధని ఒక రాయి కింద పెట్టి, దాని మీంచి పాడుకుంటూ నడిచి వెళ్ళిపోతాడు. వాళ్ళ హాస్యం మొత్తం ఆ పద్ధతే.

ఇక ఊళ్ళలో ఎండాకాలం వస్తే "జాలుమ్‌బల్లె". అంటే పచ్చిక మీద ఆరుబయట డ్యాన్సు పార్టీ. స్టేజి మీద అకార్డియన్, కీబోర్డు, కింద తాతల నుంచి మనవళ్ళ దాకా జంటలు. అక్కడ మోగేవి "ష్లాగెరిస్" పాటలు. తేలిక బాణీ, ఒక్కసారి వింటే పట్టుబడే పల్లవి. లాత్వియా రేడియో 2 అనే ప్రభుత్వ స్టేషన్ మాతృభాషలో పాటలే ఎక్కువగా వేస్తుంది, దేశంలో ఎక్కువమంది వినే స్టేషన్లలో అదొకటి. స్వతంత్రం తర్వాతి కాలంలో ఆంద్రిస్ ఫ్రెయిదెన్‌ఫెల్డ్స్ పాడే "లాబ్వేలీగైస్ తిప్స్" లాంటి బ్యాండ్లు ముఖం మామూలుగా పెట్టి వెటకారం పాడే పద్ధతికి పెద్ద పేరు తెచ్చాయి. వాళ్ళ ఒక హిట్ పాట పేరు "అల్యూమినియం పంది". పేరు చూస్తేనే అర్థమైపోతుంది వాళ్ళ వరస.

ఇలాంటి తాగుడు హాస్యంలో, ఏ భాషైనా సరే, నాకు కనిపించిన ఫార్ములా ఐదు మెట్లు. ఒకటి, "ఒక్కటే తాగుతా" అని ఒట్టు. రెండు, ఫ్రెండ్ వచ్చాడు, అందుకని ఇంకోటి. మూడు, లోకమంతా చుట్టాలైపోయారు, అందరికీ కౌగిలింతలు. నాలుగు, పొద్దున. తల, పర్సు, ఫోన్ ఛార్జింగ్, పరువు, ఒక్కటీ చోట్లో లేదు. ఐదు, "ఇక జన్మలో ముట్టను" అని ఇంకో ఒట్టు. పాట మళ్ళీ మొదటి మెట్టుకి వెళ్ళిపోతుంది. పల్లవి తిరిగినట్టే అలవాటూ తిరుగుతుంది. నవ్వొచ్చేది ఆ గుండ్రం వల్లే. భయం వేయాల్సింది కూడా ఆ గుండ్రం చూసే.

ఏకవచనం లేని బాధ

లాత్వియన్‌లో హ్యాంగోవర్‌ని "పగ్యిరాస్" అంటారు. వ్యాకరణంలో ఇది ఎప్పుడూ బహువచనమే, దీనికి ఏకవచనం లేదు! న్యాయమే కదా. ఒక్క బాధా అది? తలనొప్పి, దాహం, వికారం, వెలుతురు పడకపోవడం, రాత్రి ఏం మాట్లాడామో అన్న గుబులు... అన్నీ కట్టగట్టుకుని వస్తాయి.

ఎందుకొస్తుందో సింపుల్‌గా చెప్తాను. మందు లోపలికి వెళ్ళాక లివర్ దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది, తర్వాత దాన్ని కూడా విరగ్గొడుతుంది. ఈ పని దాని వేగంలోనే జరుగుతుంది, మనం తొందరపెట్టలేం. ఇంకోపక్క, ఒంట్లో నీళ్ళని పట్టి ఉంచే హార్మోన్‌ని మందు అణిచేస్తుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, పొద్దునకి నోరు ఎడారి. నిద్రపోయినట్టు ఉంటుంది గానీ అది మంచి నిద్ర కాదు. ముదురు రంగు మందుల్లో ఉండే వేరే రసాయనాలు కూడా తలనొప్పిని పెంచుతాయి. రీగాలో 1752 నాటి మందులషాపు తయారీ అని చెప్పుకునే "బ్లాక్ బాల్సమ్" అని ఒక నల్లటి చేదు మందు ఉంది, 45 శాతం ఆల్కహాల్. పేరు చూసి కషాయం అనుకునేరు!

బాల్టిక్ ప్రాంతంలో ఇంటి వైద్యం ఏంటంటే, ఊరవేసిన దోసకాయల ఉప్పునీళ్ళు, పుల్లటి కెఫీర్ అనే మజ్జిగలాంటి పానీయం, పులియబెట్టిన క్యాబేజీ సూపు. ఉప్పూ నీళ్ళూ అందుతాయి కాబట్టి కాస్త హాయిగా ఉంటుంది. కానీ నయం చేసేది టైమ్ ఒక్కటే. పొద్దున్నే మళ్ళీ ఒక పెగ్గు వేస్తే తగ్గుతుందని పాటలు చెప్తాయి. తగ్గదు, వాయిదా పడుతుంది. వాయిదా పడ్డ అప్పుకి వడ్డీ ఎక్కువ.

రెండు విషయాలు మాత్రం జోకు లేకుండా చెప్తాను. తాగి పడిపోయినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టకండి, వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, పక్కనే ఎవరైనా ఉండండి. పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించినా ఫోన్ తీసి వీడియో కాదు, 108.

గుర్రం ఏమైంది?

లాత్వియా వాళ్ళు నవ్వుకుని వదిలేశారా? లేదు. వదిలేసే పరిస్థితి లేదు. ఓఈసీడీ దేశాల లెక్కల్లో తలసరి మద్యం వాడకంలో లాత్వియా ఈమధ్య పైవరసలో ఉంటోంది. 2021లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి 12 లీటర్లకు పైనే స్వచ్ఛమైన ఆల్కహాల్. పక్క దేశం ఎస్తోనియా నుంచి చౌకగా దొరుకుతుందని వచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళది కూడా అందులో కలుస్తుంది. అది తీసేసినా తక్కువేం కాదు. లీగో రాత్రి తెల్లారితే ప్రతి ఏడూ రోడ్ల మీద పోలీసుల తనిఖీలే.

అందుకని 2022 చివర్లో ఒక కొత్త చట్టం అమల్లోకి తెచ్చారు. రక్తంలో ఆల్కహాల్ వెయ్యిలో 1.5 వంతు దాటి బండి నడుపుతూ దొరికితే అది క్రిమినల్ కేసు, బండి జప్తు. మన దేశంలో పరిమితికి అది దాదాపు ఐదు రెట్లు, అంటే చిత్తుగా తాగినట్టే. బండి వేరేవాళ్ళదైతే దాని విలువ డ్రైవర్ నుంచి వసూలు చేస్తారు. కొన్ని నెలల్లోనే జప్తు బండ్లు కుప్పలుపడ్డాయి. ఏం చేయాలి? 2023 మార్చిలో వాటిని ఉక్రెయిన్‌కి పంపడం మొదలుపెట్టారు! ట్విట్టర్ కాన్వాయ్ అనే స్వచ్ఛంద బృందం ఆ బండ్లని అక్కడి సైన్యానికీ, ఆసుపత్రులకీ చేరవేసింది.

ఇప్పుడు మన కుర్రాణ్ణి గుర్తు తెచ్చుకోండి. సొంత డబ్బు, సొంత గుర్రం, మధ్యలో మీకేంటి అన్నాడు కదా. వాడి దేశమే ఇప్పుడు వాడికి సమాధానం చెప్పింది: తాగింది నీ డబ్బుతోనే, ఒప్పుకుంటాం. కానీ రోడ్డు నీ ఒక్కడిది కాదు, కాబట్టి గుర్రాన్ని ఇలా ఇవ్వు. తమాషా ఏంటంటే, ఆ పాటని మాత్రం ఎవరూ మానలేదు. ఇప్పటికీ పాటల పండగలో అదే పాటని అంతే ప్రేమతో పాడతారు. పాటని ప్రేమించొచ్చు, పాటలో కుర్రాడి వాదనని ఒప్పుకోనక్కర్లేదు. రెండూ ఒకే మనసులో పడతాయి.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మీ ఫోన్‌లో రోజూ తాగుడు రీల్స్ వస్తూనే ఉంటాయి. నవ్వండి, నేనూ నవ్వుతాను. ఒక్కటి మాత్రం గమనించండి. ఆ నవ్వు తాగినవాడు తన మీద తాను వేసుకున్న జోకా, లేక పడిపోయినవాడి మీద పక్కవాడు తీసిన వీడియోనా? తప్పుకి ముద్దుపేరు పెట్టారా? నిందని బీరు మీదకో, పెళ్ళాం మీదకో, ఫ్రెండ్ మీదకో తోశారా? కెమెరా సత్రంలోనే ఆగిపోయిందా, ఇంటి తలుపు దాకా వచ్చిందా? ఇవి అడుక్కుంటే చాలు, ఏది షేర్ చేయాలో, ఏ ఫ్రెండ్‌కి షేర్ చేయకుండా ఫోన్ చేసి "బాగున్నావా రా?" అని అడగాలో మీకే తెలిసిపోతుంది.

సరే, ఇవాల్టికి ఇంతే. మీ ఊళ్ళో పెళ్ళిలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరికైనా వస్తే, వాళ్ళ చేత పాడించి రికార్డు చేసి పెట్టుకోండి. బారోన్స్ గారికి ఆ పనికి బీరువా కావాల్సి వచ్చింది, మన జేబులో ఫోన్ ఉంది. కామెంట్‌లో ఊరి పేరు రాయండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.